కొత్త కెమెరాతో మసక ఫోటోలు: లోపం బాడీదా, లెన్సుదా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పండుగ అమ్మకాలు ముగిసిన తర్వాత ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. ఏ కెమెరా కొనాలని అడిగేవారు తగ్గి, కొన్నది సరిగా పనిచేయడం లేదని రాసేవారు పెరుగుతారు. అందుకే ఈసారి శీర్షికనంతా కొత్త కెమెరాలలో, లెన్సులలో కనిపించే లోపాలకే కేటాయించాను. ఉత్తరాలు రాసినవారిలో చాలామంది నమూనా ఫోటోలను వాట్సాప్‌లో పంపారు. వాట్సాప్ ఫోటోను కుదించి, షట్టర్ వేగం, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం పరిమాణం), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే చురుకుదనం) వంటి వివరాలను తొలగిస్తుంది. లోపాన్ని నిర్ధారించడానికి ఆ వివరాలే ఆధారం కాబట్టి, నాకు గాని, సర్వీస్ సెంటర్‌కు గాని, అమ్మినవారికి గాని ఫోటో పంపేటప్పుడు కార్డులో ఉన్న అసలు ఫైలునే ఈమెయిల్‌లో పంపవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: ఇటీవల కొత్త డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానితోపాటు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు కొన్నాను. మా పాపను దగ్గరగా ఫోటో తీస్తే, కంటి మీద ఫోకస్ పెట్టినా కళ్లు మసకగా, చెవులూ జడా స్పష్టంగా వస్తున్నాయి. కెమెరాతో వచ్చిన 18–55 లెన్సుతో ఈ ఇబ్బంది కనిపించడం లేదు. దుకాణం వారు నాకు ఫోటో తీయడం రాదంటున్నారు. నిజంగా తప్పు నాదేనా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే తప్పు మీది కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అయితే దుకాణం వారి దగ్గరకు మళ్లీ వెళ్లేటప్పటికి ఆ మాటను నిరూపించే ఫోటోలు మీ చేతిలో ఉండాలి.

ముందుగా ఈ లెన్సు స్వభావం తెలుసుకోవాలి. మీ కెమెరాలో ఉండే ఏపీఎస్-సి అనే పరిమాణపు సెన్సర్ (ఫోటోను నమోదు చేసే చిప్) మీద, 50 మి.మీ. లెన్సును ఎఫ్/1.8 వద్ద, అంటే అపర్చర్‌ను పూర్తిగా తెరిచి ఉంచి ఒక మీటరు దూరంలోని ముఖాన్ని తీస్తే, స్పష్టంగా కనిపించే లోతు ముందూ వెనకా కలిపి సుమారు 3 సెంటీమీటర్లే. అదే దూరంలో కిట్ లెన్సును, అంటే కెమెరాతో వచ్చిన 18–55ను, 55 మి.మీ., ఎఫ్/5.6 వద్ద వాడితే ఆ లోతు సుమారు 7 సెంటీమీటర్లు ఉంటుంది. కిట్ లెన్సుతో ఇబ్బంది కనిపించకపోవడానికి ఇదే కారణం కావచ్చు, అంటే ఫోకస్‌లో తేడా అప్పుడూ ఉండి, ఎక్కువ లోతు వల్ల అది బయటపడకుండా ఉండవచ్చు. కాబట్టి కిట్ లెన్సు బాగుంది గనుక బాడీలో, అంటే లెన్సు కాక మిగిలిన కెమెరాలో, లోపం లేదని ఇప్పుడే తేల్చకూడదు.

మధ్యలో ఉన్న ఫోకస్ పాయింటును కంటి మీద పెట్టి, షట్టర్ బటన్ సగం నొక్కి, ఆ తర్వాత కెమెరాను కాస్త పక్కకు తిప్పి ఫోటో తీసే అలవాటు మీకు ఉంటే, దానివల్ల కూడా ఫోకస్ వెనక్కి జరుగుతుంది. మీటరు దూరంలో కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటికి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక పడుతుంది. ఉన్న లోతే 3 సెంటీమీటర్లు కాబట్టి కన్ను సరిగ్గా అంచు మీదికి వచ్చేస్తుంది. అయినా చెవి అనేది కంటికి 7, 8 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. చెవులే పదేపదే స్పష్టంగా వస్తున్నాయంటే కెమెరా తిప్పడం ఒక్కటే దానికి కారణమని నేను అనుకోను. దుకాణం వారి మాటను ఒప్పుకోలేకపోవడానికి నాకున్న ఆధారం ఇదే.

డీఎస్ఎల్ఆర్ కెమెరాలో మీరు వ్యూఫైండర్‌లోంచి చూసి ఫోకస్ చేస్తున్నప్పుడు, ఆ పని చేసేది ఫోటోను నమోదు చేసే సెన్సర్ కాదు. లెన్సులోంచి వచ్చిన వెలుతురులో కొంత భాగం ప్రధాన అద్దం గుండా వెళ్లి, దాని వెనకనున్న చిన్న అద్దం మీద పడి, కెమెరా అడుగున ఉన్న వేరొక ఫోకస్ సెన్సర్‌కు చేరుతుంది. లెన్సు మౌంటు (లెన్సు బాడీకి బిగుసుకునే వలయం) నుంచి ఆ సెన్సర్‌కు వెలుతురు ప్రయాణించే దూరం, మౌంటు నుంచి అసలు సెన్సర్‌కు ఉండే దూరం కచ్చితంగా సమానంగా ఉండాలి. ఆ అద్దం కోణంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, కెమెరా ఫోకస్ కుదిరిందని పచ్చ చుక్క చూపిస్తుంది, ఫోటోలో మాత్రం ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. లెన్సులో కూడా ఇలాంటి స్వల్ప తేడాలు ఉంటాయి. బాడీలోని తేడా, లెన్సులోని తేడా విడివిడిగా కంపెనీ అనుమతించే హద్దులోనే ఉండి, రెండూ ఒకే దిశలో ఉన్నప్పుడు కలిసి హద్దు దాటడం కూడా జరుగుతుంది. అందువల్ల కొన్నిసార్లు బాడీ మంచిదే, లెన్సూ మంచిదే, జోడీ మాత్రం కుదరదు.

దీన్ని నిర్ధారించుకోవడానికి ఖరీదైన చార్టు ఏదీ అవసరం లేదు. తిథి, నక్షత్రం, వర్జ్యం చిన్న అక్షరాలలో అచ్చయిన తెలుగు క్యాలెండర్ కాగితాన్ని, పగటి వెలుతురు బాగా పడే చోట బల్ల మీద నిలబెట్టిన అట్టపెట్టెకు అతికించండి. దాని పక్కనే ఒక స్కేలును, మధ్య గీత కాగితంతో సమానంగా ఉండేలా, ఒక కొన మీ వైపుకు, రెండో కొన కాగితం వెనకకు వచ్చేలా ఏటవాలుగా నిలబెట్టండి. ట్యూబ్‌లైటు కింద గాని, పసుపు బల్బు కింద గాని ఈ పరీక్ష చేయవద్దు. వెలుతురు రంగును బట్టి కూడా కొన్ని కెమెరాల ఫోకస్ కాస్త జరుగుతుంది. కెమెరాను సుమారు రెండు మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద పెట్టి, అపర్చర్ ఎఫ్/1.8, మధ్య ఫోకస్ పాయింటు, ఒకేసారి ఫోకస్ చేసి ఆగే పద్ధతి, 2 సెకన్ల టైమర్ ఎంచుకోండి. ప్రతి ఫోటోకు ముందు లెన్సు ఫోకస్ రింగును ఒకసారి అనంతం వైపుకు, మరోసారి దగ్గరి వైపుకు తిప్పి, ఆ తర్వాతే ఆటోఫోకస్ చేయనివ్వండి. ఇలా వ్యూఫైండర్‌తో అరడజను ఫోటోలు తీసి, కెమెరాను కదపకుండా లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, అన్నే ఫోటోలు తీయండి. లైవ్ వ్యూలో అసలు సెన్సరే ఫోకస్‌ను నిర్ణయిస్తుంది కాబట్టి పైన చెప్పిన తేడాకు అందులో తావు లేదు.

ఇప్పుడు కంప్యూటర్‌లో నూటికి నూరు శాతం పెద్దది చేసి పోల్చండి. లైవ్ వ్యూ ఫోటోలలో వర్జ్యం వేళలు చదవగలిగేలా ఉండి, వ్యూఫైండర్ ఫోటోలన్నింటిలో అవి మసకబారి, స్కేలు మీద కాగితానికి వెనకనున్న గీతలు స్పష్టంగా ఉంటే, మీ అనుమానం నిజమైనట్టే. వ్యూఫైండర్ ఫోటోలు కొన్ని బాగా, కొన్ని మసకగా, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి వస్తే అది అమరికలో తేడా కాదు, ఫోకస్ వ్యవస్థ నిలకడగా పనిచేయడం లేదని అర్థం. లైవ్ వ్యూ ఫోటోలు కూడా మసకగానే ఉంటే అనుమానం లెన్సు అద్దాల మీదికి మళ్లుతుంది. ఆ స్థితిలో లెన్సు ముందు ఫిల్టర్ ఏదైనా ఉంటే తీసేసి మరోసారి చూడండి. దుకాణంలో ‘రక్షణ కోసం’ అంటూ బిగించి ఇచ్చే నాసిరకం యూవీ ఫిల్టర్ మంచి లెన్సును కూడా పాడుచేయగలదు.

కెనాన్ 80డీ, 90డీ, నికాన్ డీ7500 వంటి మధ్యతరగతి బాడీలలో ఈ తేడాను మెనూలోనే మైనస్ 20 నుంచి ప్లస్ 20 వరకు సర్దుకునే వీలు ఉంది. కెనాన్ 1500డీ, 200డీ, నికాన్ డీ3500, డీ5600 వంటి ప్రారంభ స్థాయి బాడీలలో ఆ వీలు లేదు. మీ కెమెరా రెండో కోవకు చెందినదైతే, బాడీని, లెన్సును రెండింటినీ కలిపి, మీ పరీక్ష ఫోటోలతో సహా సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి, రెండింటినీ జోడీగా సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. లెన్సు ఒక్కటే ఇస్తే వారు దాన్ని తమ దగ్గరున్న ప్రామాణిక బాడీతో పరీక్షించి లోపం లేదని తిప్పి పంపే అవకాశం ఉంది. సర్వీస్‌కు ఇచ్చేదాకా పాప ఫోటోలు ఆగనవసరం లేదు, లైవ్ వ్యూలో తీసుకోండి.

ప్రశ్న: కొత్త కెమెరా కిట్ లెన్సుతో గ్రూపు ఫోటో తీస్తే ఎడమవైపు నిలబడ్డవారి ముఖాలు ఎప్పుడూ మసకగా వస్తున్నాయి. కుడివైపు వారు చక్కగా ఉంటున్నారు. ఎఫ్/8 పెట్టినా పూర్తిగా పోలేదు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నాలుగు మూలలూ ఒకే రీతిలో కాస్త మెత్తగా రావడం చవక జూమ్ లెన్సులకు సహజం, అపర్చర్‌ను ఎఫ్/8కి తగ్గిస్తే అది చాలావరకు సర్దుకుంటుంది. ఒక పక్క స్పష్టంగా ఉండి రెండో పక్క మసకగా ఉండటం వేరే సంగతి. లెన్సులో ఒకదాని వెనక ఒకటిగా అమర్చిన అద్దాల మధ్యబిందువులన్నీ ఒకే సరళరేఖ మీద ఉండాలి. బిగింపులో పొరపాటు వల్లనో, రవాణాలో దెబ్బ తగలడం వల్లనో ఒక అద్దం పక్కకు జరిగినా, వాలినా ఫోటోలో ఇలాంటి ఏకపక్ష మసక వస్తుంది. సర్వీస్ వారు దీన్ని డీసెంటరింగ్ అంటారు.

గ్రూపు ఫోటోలతో దీన్ని నిరూపించలేరు, ఎడమవైపు వారు అర అడుగు వెనక నిలబడ్డారని ఎవరైనా అనవచ్చు. ఒక పెద్ద సమతలపు గోడ మీద మధ్యలో ఒకటి, నాలుగు మూలలకు నాలుగు చొప్పున దినపత్రిక కాగితాలు అతికించండి. కెమెరా గోడకు సమాంతరంగా ఉండాలి, దానికి ఒక తేలికైన ఉపాయం ఉంది. మధ్య కాగితం స్థానంలో ముఖం చూసుకునే చిన్న అద్దాన్ని గోడకు ఆనించి పట్టుకోమని ఎవరికైనా చెప్పి, వ్యూఫైండర్‌లోంచి చూస్తూ కెమెరాను సర్దండి. అద్దంలో మీ లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలోకి వచ్చినప్పుడు కెమెరా గోడకు ఎదురుగా నిలిచినట్టు. లెన్సు మీద కంపనాన్ని తగ్గించే స్విచ్ ఉంటే ఆపేయండి, ఎందుకంటే ఆ వ్యవస్థలోని అద్దం పక్కలకు కదులుతూ ఉండి పరీక్షను తారుమారు చేయగలదు. ఇప్పుడు 18, 35, 55 మి.మీ.ల వద్ద, ఒక్కొక్కచోట అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/8 వద్ద ఒకటి తీయండి.

ఆ తర్వాత కెమెరాను తలకిందులు చేసి, మళ్లీ అద్దంతో సర్ది, అవే ఫోటోలు తీయండి. చాలామంది ఈ మెట్టును వదిలేస్తారు గాని అసలు రుజువు ఇక్కడే దొరుకుతుంది. ఫోటోలను కంప్యూటర్‌లో నిటారుగా తిప్పి చూసినప్పుడు, మొదట మసకగా వచ్చిన కాగితాలే రెండోసారి కూడా మసకగా ఉంటే, కెమెరా గోడకు సరిగా సమాంతరంగా లేదన్నమాట. మసక ఎదుటి పక్క కాగితాలకు మారిపోతే, అది కెమెరాతోపాటే తిరిగింది కాబట్టి లోపం పరికరంలోనే ఉంది. అది లెన్సుదా, బాడీ మౌంటుదా అని తేల్చడానికి అదే బాడీకి స్నేహితుల దగ్గరున్న మరో లెన్సు తగిలించి ఒక్క ఫోటో తీస్తే చాలు. మసక పోతే మీ లెన్సుదే లోపం.

తేడా నూటికి నూరు శాతం పెద్దది చేసి వెతికితేనే కనిపించేంత స్వల్పమైతే, కిట్ లెన్సు ధరకు దాన్ని సహించవచ్చని నా అభిప్రాయం. మీ విషయంలో మామూలు పరిమాణంలోనే ముఖాలు మసకబారుతున్నాయి కాబట్టి సహించనవసరం లేదు. వాపసు గడువు ఉంటే మరమ్మతుకు ఒప్పుకోకుండా లెన్సు మార్చమనే అడగండి. జరిగిన అద్దాన్ని తిరిగి కచ్చితంగా నిలపడం ఓపికతో కూడిన పని, చవక లెన్సుల మీద అంత శ్రమ పెట్టడం అరుదు.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా అన్నయ్య తెచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాతో పెళ్లి తీశాము. ఫంక్షన్ హాల్లో తీసిన ఫోటోలలో అడ్డంగా నల్లని పట్టీలు, వీడియోలో మినుకుమినుకులు వచ్చాయి. పగలు బయట తీస్తే ఏ ఇబ్బందీ లేదు. సెన్సర్ పాడైందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సెన్సర్ బాగానే ఉంది. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో, అమెరికాలో 60 ఆవృత్తులతో సరఫరా అవుతుంది. దానివల్ల మన దగ్గర చాలా దీపాలు సెకనుకు 100 సార్లు, అక్కడ 120 సార్లు మినుకుతాయి. మన కంటికి ఇది తెలియదు. కెమెరా సెన్సర్ మాత్రం ఫోటోను వరుస తర్వాత వరుసగా చదువుతుంది, దీపం మందగించిన క్షణంలో చదివిన వరుసలు నల్లని పట్టీలుగా కనిపిస్తాయి. శబ్దం రాకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఈ చదివే వేగం తక్కువ కాబట్టి పట్టీలు మరింత స్పష్టంగా పడతాయి. పెళ్లి తంతుకు శబ్దం అడ్డు రాకూడదని మీరు దాన్నే వాడి ఉంటారని ఊహిస్తున్నాను.

మెనూలో వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అని ఉంటే పాల్‌కు (మన దేశపు పద్ధతి), ఫ్లికర్ అమరిక 60 హెర్ట్జ్ అని ఉంటే 50 హెర్ట్జ్‌కు మార్చండి. కొన్ని మోడళ్లలో ఇది మార్చాక కార్డును ఫార్మాట్ చేయమంటుంది, ముందుగా ఫోటోలు దించుకోండి. హాల్లో మెకానికల్ షట్టర్ వాడి, వేగాన్ని 1/50 లేదా 1/100 దగ్గర ఉంచండి. వీడియోను సెకనుకు 25 లేదా 50 ఫ్రేములతో తీయండి. వేదిక వెనక పెట్టే ఎల్ఈడీ తెరలు మాత్రం విద్యుత్తు ఆవృత్తితో సంబంధం లేని సొంత వేగంతో మినుకుతాయి కాబట్టి, అవి ఫ్రేములో ఉన్నప్పుడు షట్టర్ వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పట్టీలు తగ్గేచోట ఆగవలసి ఉంటుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. చాలా కంపెనీల బాడీ వారంటీ కొన్న దేశానికే పరిమితమై ఉంటుంది. మీ అన్నయ్యగారి దగ్గరున్న వారంటీ కాగితంలో ఆ షరతును ఇప్పుడే చదివించుకుని, నిజమైన లోపం ఏదైనా బయటపడితే ఆయన తిరిగి వెళ్లేటప్పుడే కెమెరాను పంపే ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న: నికాన్ డీ5600 కొని, డబ్బు కలిసివస్తుందని 50 మి.మీ. ఎఫ్/1.8డీ లెన్సు తీసుకున్నాను. ఆటోఫోకస్ అసలు కదలడం లేదు. ఒక్కోసారి తెర మీద ఎఫ్ఈఈ అని వస్తోంది.
– ఒక విద్యార్థి, సిద్దిపేట

జవాబు: రెండింటిలోనూ లోపం లేదు, అమ్మినవారు చెప్పవలసిన మాట చెప్పలేదు. పేరు చివర ‘డీ’ ఉన్న ఆ పాత తరహా లెన్సులో మోటారు ఉండదు, బాడీలోని మోటారు ఒక చిన్న ఇరుసు ద్వారా దాన్ని తిప్పుతుంది. నికాన్ డీ3000, డీ5000 వరుసల బాడీలలో ఆ మోటారు లేదు, డీ7000 వరుసలో ఉంది. మీకు కావలసింది ఏఎఫ్-ఎస్ 50 మి.మీ. ఎఫ్/1.8జీ, దానిలో సొంత మోటారు ఉంటుంది. ఎఫ్ఈఈ అనే సూచన వచ్చినప్పుడు లెన్సు మీది అపర్చర్ రింగును 22 అంకె దగ్గరకు తిప్పి, పక్కనున్న చిన్న తాళాన్ని జరపండి. మార్చుకునే వీలు లేకపోతే ఆ లెన్సును చేత్తో ఫోకస్ చేస్తూ వాడుకోవచ్చు, కుదిరినప్పుడు వ్యూఫైండర్ అడుగున పచ్చ చుక్క వెలుగుతుంది.

ప్రశ్న: కొత్త మిర్రర్‌లెస్ బాడీని ఆపేసి కదిపితే లోపల ఏదో వదులుగా కొట్టుకుంటున్న చప్పుడు వస్తోంది. ఆన్ చేస్తే పోతోంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ కెమెరా బాడీలోనే కంపన నివారణ ఉన్న మోడల్ అయితే భయపడవద్దు. అందులో సెన్సర్ అయస్కాంతాల ఆధారంతో తేలుతూ ఉంటుంది, ఆన్ చేయగానే అవి దాన్ని పట్టి నిలుపుతాయి, ఆపితే వదిలేస్తాయి. ఆన్ చేసి ఉన్నప్పుడు కూడా చప్పుడు వస్తే, లేదా ఆ సదుపాయం లేని బాడీలో వస్తే మాత్రం చూపించండి.

ప్రశ్న: రాత్రి ఆకాశాన్ని 30 సెకన్ల పాటు తీస్తే ఎర్రని, తెల్లని చుక్కలు ప్రతి ఫోటోలో అదే చోట వస్తున్నాయి. పగటి ఫోటోలలో ఆకాశం మీద బూడిదరంగు మచ్చలు కూడా ఉన్నాయి. కొత్త కెమెరాలో ఇవి ఉండవచ్చా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు విషయాలు. రంగు చుక్కలు హాట్ పిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు, వాటిలో కొన్ని సుదీర్ఘ ఎక్స్‌పోజరులో వెలుతురు లేకపోయినా విద్యుత్తును పోగుచేసుకుని వెలుగుతాయి. వేడి 6 నుంచి 8 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ పోగు దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి, మీ ఊరి వేసవి రాత్రిలో అవి ఎక్కువగా కనిపించడం సహజమే. లెన్సుకు మూత పెట్టి ఐఎస్ఓ 100 వద్ద 1/60 సెకనుకు ఒక ఫోటో తీయండి. అందులో కూడా చుక్కలు వెలిగితే అది లోపమే, కెమెరా మార్చమనండి. 30 సెకన్ల ఫోటోలో మాత్రమే ఉంటే, మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ ఉన్నట్లయితే దాన్ని ఒకసారి నడపండి, లేదా సుదీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపును ఆన్ చేయండి. అప్పుడు కెమెరా అంతే సమయం పాటు చీకటి ఫోటో ఒకటి తీసుకుని చుక్కలను తొలగిస్తుంది, కాబట్టి ఒక్కో ఫోటోకు నిమిషం పడుతుంది.

బూడిద మచ్చలు సెన్సర్ మీది దుమ్ము. ఎఫ్/16 వద్ద ఆకాశాన్ని తీస్తే గట్టిగా, ఎఫ్/4 వద్ద తీస్తే కనిపించీ కనిపించనట్టుగా ఉంటాయి. కెమెరాలోని శుభ్రపరిచే అమరికను నడిపి, పోకపోతే మౌంటును కిందికి పెట్టి రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టండి. నోటితో ఊదకండి, డబ్బా గాలిని కొట్టకండి. శుభ్రం చేశాక కొద్ది వందల ఫోటోలకే అదే మూలలో మచ్చలు మళ్లీ గుంపుగా చేరితే, అది బయటి దుమ్ము కాకపోవచ్చు. 2012లో వచ్చిన నికాన్ డీ600లో ఇలాగే జరిగింది. వాడినవారి ఫిర్యాదులు కొనసాగడంతో 2014లో ఆ కంపెనీ వారంటీ ముగిసినవాటికి కూడా షట్టర్ భాగాన్ని ఉచితంగా మార్చి ఇచ్చింది. కాబట్టి మచ్చలున్న ఫోటోలను తేదీల వారీగా దాచిపెట్టండి.

ప్రశ్న: నేను చిన్న ఫోటో స్టూడియో నడుపుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో కెమెరా, లెన్సు తెప్పించాను. మొదటి వారంలోనే ‘లెన్సుతో సంబంధం కుదరడం లేదు, కాంటాక్టులు తుడవండి’ అని తెర మీద రావడం మొదలైంది. అమ్మినవారు సర్వీస్ సెంటర్‌కు వెళ్లమంటున్నారు, మార్చబోమంటున్నారు. వ్యాపారానికి కొన్నది కనుక వినియోగదారుల చట్టం నాకు వర్తించదని కూడా అన్నారు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు లోపం ఎక్కడుందో చూద్దాం. లెన్సు మౌంటు దగ్గర వరుసగా ఉండే బంగారు రంగు కాంటాక్టులను, బాడీ మీద వాటికి ఎదురుగా ఉన్నవాటిని పొడి మెత్తని బట్టతో తుడవండి. గీకకండి, గరుకు కాగితం వాడకండి. ఆ తర్వాత అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, అంటే 18 మి.మీ. వద్ద ఎఫ్/3.5తో, ఫోటో తీయండి. వెంటనే ఎఫ్/8తో తీయండి. పూర్తిగా తెరిచినప్పుడు అపర్చర్ రెక్కలు కదలనవసరం లేదు. ఎఫ్/3.5లో బాగుండి ఎఫ్/8లో సందేశం వస్తే, రెక్కలను కదిపే భాగం గాని, దానికి వెళ్లే రిబ్బన్ తీగ గాని చెడిందని గట్టిగా అనుమానించవచ్చు. జూమ్‌ను తిప్పుతుంటే ఒకే చోట సందేశం వస్తే తప్పు ఆ రిబ్బన్ తీగదే కావచ్చు. వేరే లెన్సుతో సందేశం రాకపోతే బాడీ మంచిదే. ఈ పరీక్షలు చేస్తున్నంతసేపూ తెర కనిపించేలా ఫోనులో వీడియో తీయించండి.

ఇక చట్టం సంగతి. 2020 జులై నుంచి అమలులో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనానికి కొన్నవారిని మినహాయించిన మాట నిజమే. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే కొని, తామే వాడుకునేవారిని ఆ మినహాయింపు నుంచి అదే సెక్షను వివరణ తప్పించింది. స్టూడియోలో మీరే ఫోటోలు తీసుకుని బతుకుతున్నారు కాబట్టి మీరు వినియోగదారులే, ఆ మాటను ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి అమ్మినవారు నిరాకరించకూడదు. మీరు కొన్న ఆన్‌లైన్ అమ్మకాల వేదిక నియమించిన ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. అందువల్ల ఫోను సంభాషణలతో కాలయాపన చేయకుండా, బిల్లు, బాడీ మీద, లెన్సు మీద, డబ్బా మీద ఉన్న సీరియల్ నంబర్ల ఫోటోలు, పరీక్షల వీడియో జతచేసి ఈమెయిల్ పంపండి. బాడీ నంబరు, లెన్సు నంబరు డబ్బా మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో కూడా పోల్చుకోండి, తేడా ఉంటే ఫిర్యాదు మరింత బలపడుతుంది.

పని జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవారు ఏ నగరంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవాలన్న నియమమూ లేదు, గడువు రెండేళ్లు. ఈలోగా బయటి మెకానిక్‌తో లెన్సును విప్పించకండి. పరీక్షించకుండా లోపం తేల్చలేమని కమిషన్ భావిస్తే వస్తువును సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది, అప్పటికే మరలు విప్పి ఉన్న లెన్సు మీ పక్షాన సాక్ష్యం కాలేదు.